కొండ ఎక్కించినవారే దించాలి



మా మాస్టారు పోతన భాగవతం తృతీయ స్కంధం చెప్పేటప్పుడు ఒకచోట బాగా నిదానించేవారు. కపిలుడు తన తల్లి దేవహూతికి ధ్యానం నేర్పే ఘట్టమది. ఒక్కో పద్యం దగ్గర ఆగి, మమ్మల్ని కళ్లు మూసుకోమనేవారు. ఆయన పేరిట జరిగే ఈ సభలో మాట్లాడమన్నప్పుడు నాకు వేరే విషయం తోచలేదు. ఒకరు మాటతో దారి చూపుతుంటే మరొకరు కళ్లు మూసుకుని మనసులో నడిచే సాధన గురించి చెబుతాను. ఇప్పుడు దీన్ని గైడెడ్ మెడిటేషన్ అంటున్నారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే చాలు, ఏదో ఒక గొంతు మనల్ని కొండల మీదికో కాంతిలోకో తీసుకుపోతుంది.

నాకీ విద్య మొదట తెలిసింది మా నాయనమ్మ మంచం దగ్గర. పక్షవాతంతో ఆవిడకు కుడికాలు పడిపోయింది. అప్పటిదాకా ఏటా కాలినడకన తిరుమల వెళ్లిన మనిషి. శనివారం సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "కొండెక్కించరా" అనేది. నాకప్పుడు పదేళ్లు. అలిపిరిలో పాదాల మండపం దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. తలయేరు గుండు దగ్గర ఆగాలి. గాలిగోపురం వచ్చేసరికి ఆవిడ ఊపిరి నిజంగానే బరువెక్కేది. మోకాళ్ల పర్వతం దగ్గర నేను తొందరపడితే ఒప్పుకునేది కాదు. "మెట్టు మెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టకుండా ఎక్కడికిరా పరుగు?" అనేది. ఆనందనిలయంలోకి వెళ్లాక నేను నోరు మూసుకోవాలి. ఆ కాసేపూ ఆవిడదే.

ఒకసారి ఆటకు వేళయిపోతోందని, దర్శనం కాగానే లేచి బయలుదేరాను. వెనక్కి పిలిచింది. "నన్నక్కడే వదిలేసి పోతావేంరా? దింపు." మళ్లీ కూర్చుని, ఒక్కొక్క మజిలీ చెబుతూ ఆవిడను అలిపిరికి దించి, ఇంటికి చేర్చి, మంచం మీద కూర్చోబెట్టాను. కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. తర్వాత ఎన్ని గ్రంథాలు చదివినా, ఈ సాధనలో అసలు మెలకువ ఆ ఒక్క మాటలోనే కనిపిస్తుంది నాకు.

కపిలుడు చెప్పే క్రమం చూడండి. ముందు శుచి అయిన చోటు, ఆసనం, ప్రాణాయామం. ఆ తర్వాతే రూపం. అదీ ముఖంతో మొదలుకాదు. పాదాలతో మొదలై, మోకాళ్లు, నడుము మీది పట్టుబట్ట, నాభి, వక్షం, భుజాలు దాటి, చివరికి చిరునవ్వు దగ్గరికి వస్తుంది. ఒక్కో అంగం మీద మనసు నిలిచాకే తర్వాతి దానికి కదలాలి. రూపం అంతా నిండి భక్తితో మనసు కరిగిన తర్వాత ఒక విచిత్రమైన మాట వస్తుంది. సంస్కృత మూలంలో చిత్తాన్ని చేపలు పట్టే గాలంతో పోల్చారు. రూపంలో తగులుకున్న ఆ గాలాన్ని మెల్లగా విడిపించుకోవాలట. అంత శ్రమపడి కట్టిన మూర్తినే వదలమనడం. అదీ ఒక్కసారిగా కాదు, మెల్లగా. నన్నడిగితే ఘట్టం మొత్తానికి ప్రాణం ఆ 'మెల్లగా'లో ఉంది.

మనసులో కట్టడానికి ఎంత ఓపిక కావాలో పూసలార్ నాయనారు కథ చెబుతుంది. 12వ శతాబ్దంలో సేక్కిళార్ రాసిన పెరియపురాణంలో ఉందిది. ఇప్పటి చెన్నైకి దగ్గరలోని తిరునిన్రవూరులో ఉండేవాడు ఆ శివభక్తుడు. గుడి కట్టడానికి చేతిలో డబ్బు లేదు. మనసులోనే ధనం కూర్చాడు, సరంజామా తెచ్చాడు, శిల్పుల్ని పిలిచాడు, మంచి ముహూర్తం చూసి పునాది వేశాడు. శిఖరం, ప్రాకారం, బావి, కోనేరు, ఏదీ మరవలేదు. అదే సమయంలో కంచిలో పల్లవరాజు రాతితో గుడి కడుతున్నాడు. రెండు గుళ్ల ప్రతిష్ఠా ఒకే రోజు కుదిరింది. శివుడు రాజుకు కలలో కనిపించి, రేపు నాకు పూసలార్ గుడిలో పని ఉంది, నీ ముహూర్తం మార్చుకో అన్నాడు. పూసలార్‌కు దారి చూపే గొంతు వేరే లేదు, తనకు తానే మేస్త్రీ. అందరికీ అది సాధ్యం కాదు. అందుకే గురువు కావలసివచ్చింది.

గురువు గొంతుతో వేలమంది ఒకేసారి నడిచిన సందర్భం మన గడ్డ మీదే జరిగింది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చారు. బుద్ధుడు ధాన్యకటకంలోనే, అంటే ఈ అమరావతి దగ్గరే, కాలచక్రాన్ని బోధించాడని టిబెట్టు సంప్రదాయం నమ్ముతుంది. ఆ దీక్షలో రంగురంగుల ఇసుకతో ఒక మండలాన్ని తీరుస్తారు. చూసేవారికి అది ముగ్గులా ఉంటుంది గానీ, సాధకుడికి అది నాలుగు ద్వారాలున్న మేడ. 722 మంది దేవతలుండే ఆ మేడలోకి శిష్యుడు కళ్లకు గంతలతో ప్రవేశించినట్టు భావించాలి. గంతలు విప్పాక మేడ కనబడుతుంది. మొదటి ఏడు అభిషేకాలూ పసిబిడ్డకు స్నానం చేయించడం, చెవులు కుట్టడం, పేరు పెట్టడం వంటి ముచ్చట్ల వరసలో సాగుతాయి. అంటే ఆ మేడలో మనిషి మళ్లీ పుట్టి పెరుగుతాడు. అంతా అయ్యాక, భిక్షువులు రోజుల తరబడి వంగి తీర్చిన ఇసుకను ఊడ్చి, నీటిలో కలుపుతారు. మన వినాయకుడి నిమజ్జనం, పూజ చివర చెప్పే ఉద్వాసన, అన్నీ ఆ పద్ధతివే. పిలిచినవారిని సాగనంపాలి.

ఇరవయ్యో శతాబ్దంలో బీహార్‌లోని ముంగేర్ నుంచి స్వామి సత్యానంద సరస్వతి ఒంట్లో ఒక్కో అంగం మీదా మంత్రాన్ని నిలిపే తాంత్రిక న్యాసాన్ని ఆధారం చేసుకుని యోగనిద్రను రూపొందించారు. పడుకోబెట్టి, ఒంట్లో ఒక్కో భాగానికీ ధ్యాసను తిప్పి, తర్వాత దృశ్యాలు చెప్పి, చివర మళ్లీ గది, నేల, ఒళ్లు గుర్తుచేసి లేపుతారు. ఆ చివరి భాగాన్ని ఆయన వదల్లేదు.

ఇప్పుడు చాలామంది వదిలేస్తున్నారు. నా బాధ అదే. కొన్నేళ్ల కిందట నేనొక ధ్యాన శిబిరానికి వెళ్లాను. నడిపించేవారు మమ్మల్ని చీకటి గుహలోంచి, పోయిన పెద్దల దగ్గరికి తీసుకెళ్లారు. సమయం మించిపోయిందని గంట కొట్టి, లైట్లు వేసి, టిఫిన్‌కు లేవమన్నారు. నా పక్కన కూర్చున్నామె వణుకుతూనే ఉంది. ఈమధ్యే భర్తను పోగొట్టుకుందట. ఆమె ఇంకా ఆ గుహలోనే ఉంది. చేయి పట్టుకుని, నేలకు పాదం ఆనించమని, గదిలో ఏమేం కనబడుతున్నాయో చెప్పమని అడుగుతూ కూర్చున్నాను. నాయనమ్మను దించినట్టే దించాను.

ఇంకొక మాట. కళ్లు మూసుకుంటే ఏ బొమ్మా కనిపించనివారు కొందరుంటారు. ఇంగ్లండ్‌కు చెందిన ఆడమ్ జెమాన్ బృందం 2015లో దీనికి అఫాంటేసియా అని పేరు పెట్టింది. అలాంటివారు తమకు భక్తి చాలలేదని కుమిలిపోకూడదు. వాళ్లకు గంట చప్పుడు చెప్పండి, కర్పూరం వాసన చెప్పండి, అరికాలికి తగిలే రాతిమెట్టు చల్లదనం చెప్పండి. దారి కళ్లకే ఉండాలని నియమం లేదు. మనసు బాగా చెదిరి, వైద్యం తీసుకుంటున్నవారిని మాత్రం డాక్టరుతో మాట్లాడకుండా ఇలాంటి ప్రయాణాలకు పిలవకండి.

తెలుగులో ధ్యానాలు రికార్డు చేస్తున్న యువతీయువకులు ఈ సభలో ఉన్నారని విన్నాను. మీ గొంతును నమ్మి ఎవరో ఒంటరిగా, చీకటి గదిలో కళ్లు మూసుకుంటారు. పాదాలతో మొదలుపెట్టండి. గర్భగుడిలో మౌనంగా ఉండండి. వచ్చిన దారినే, అవే మజిలీల మీదుగా, వాళ్లను ఇంటికి చేర్చి, కళ్లు తెరిచి మంచినీళ్లు తాగమని చెప్పాకే రికార్డింగు ఆపండి.