అభిషేకం పాలు ఎక్కడికి వెళ్తాయి?

(కార్తీక సోమవారం అభిషేకం తర్వాత సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

ముందే ఒక మాట చెప్పేస్తాను. అభిషేకం మానేద్దామని చెప్పడానికి నేను నిలబడలేదు. మా ఇంట్లోనూ చేసుకుంటాం. నేను చెప్పేది అభిషేకం అయ్యాక వంటగదిలో జరిగే పని గురించి.

పోయిన శివరాత్రి మర్నాడు మన వంటగది డ్రెయిన్ పైపు మూసుకుపోయింది, గుర్తుందా? ప్లంబర్ గడ్డకట్టిన నెయ్యి, జిడ్డు ముద్దలు ముద్దలుగా బయటికి లాగాడు. ముందు రాత్రి వాటిని సింకులో పోసినవాళ్లలో నేనూ ఉన్నాను. పైపు మూసుకోకపోతే అవన్నీ ఎక్కడికి పోయేవని అప్పుడే తెలుసుకోవడం మొదలుపెట్టాను.

మన మురుగునీరు వెస్ట్‌బరో ట్రీట్‌మెంట్ ప్లాంటుకు వెళ్తుంది. ష్రూస్‌బరీ నుంచి వచ్చేదీ అక్కడికే. ముందు చెత్తను జల్లెడ పట్టి తీస్తారు, ఇసుకను అడుక్కి దిగనిస్తారు. తర్వాత గాలి ఊదే పెద్ద తొట్లలో బాక్టీరియా మురికిని తినేస్తుంది. రసాయనం కలిపి ఫాస్ఫరస్‌ను ముద్దకట్టించి వేరు చేస్తారు. చివరికి క్రిములను చంపి, ఆ నీటిని అసబెట్ నదిలోకి వదులుతారు.

అసబెట్ పుట్టేది వెస్ట్‌బరోలోనే. అందుకే ఇక్కడ అది ఇంకా చిన్న ఏరు. వానల్లేని వేసవిలో అందులో పారేది చాలావరకు ప్లాంట్లు వదిలిన నీరే.

ఫాస్ఫరస్ అంటే ఎరువు. చేలో పడితే పంట, నదిలో పడితే నాచు. ఆ నాచు కుళ్లితే నీటిలోని ఆక్సిజన్ తగ్గిపోయి చేపలకు ఊపిరాడదు. హడ్సన్, మేనార్డ్ దగ్గర పాత మిల్లుల ఆనకట్టల వెనక నీళ్లు నిలిచే చోట వేసవిలో పచ్చటి తెట్టు కట్టేది. అందుకే 2004లో రాష్ట్రం చేసిన అధ్యయనం తర్వాత వెస్ట్‌బరో, మార్ల్‌బరో, హడ్సన్, మేనార్డ్ ప్లాంట్లకు ఒక హద్దు పెట్టారు. నాచు పెరిగే నెలల్లో, వదిలే నీటిలో ఫాస్ఫరస్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. లీటరు ఆవు పాలలో సుమారు 900 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది. ఆ హద్దుకు తేవాలంటే లీటరు పాలకు 9,000 లీటర్ల నీళ్లు కలపాలి. గ్యాలన్ పాలకైతే 34,000 లీటర్లు! నిజమే, ప్లాంటు అందులో చాలావరకు తీసేస్తుంది. ఒక్క గుడి వల్ల నది పాడైపోదు. కానీ ఆ రసాయనానికి, కరెంటుకు, మిగిలిన బురద తరలించడానికి అయ్యే ఖర్చు ఊరివాళ్లందరూ సీవర్ బిల్లులో కడుతున్నారు.

అసబెట్ కాంకర్డ్ ఊళ్లో సడ్‌బరీ నదితో కలిసి కాంకర్డ్ నది అవుతుంది. బిల్‌రికా పట్టణం తాగునీరు తీసుకునేది ఆ నది నుంచే. తర్వాత అది లోవెల్ దగ్గర మెరిమాక్‌లో కలిసి, న్యూబరీపోర్ట్ దగ్గర సముద్రం చేరుతుంది. అంటే మన సింకుకు దిగువన మంచినీళ్లు తాగే ఇళ్లున్నాయి.

పూజారిగారిని అడిగితే, "చెంబెడు పాలు చాలు బాబూ, మిగతాది ఆకలిగా ఉన్నవాళ్లకి ఇవ్వండి" అన్నారు. అందుకే వచ్చే జనరల్ బాడీ మీటింగులో ఈ మూడు విషయాలు మీ ముందు పెడుతున్నాను.

ఒకటి, అభిషేకానికి అందరి తరఫున ఒక చెంబెడు పాలు. మీరు తెచ్చే గ్యాలన్ల సీలు తీయకుండా అదే రోజు ఫుడ్ ప్యాంట్రీకి పంపుదాం.

రెండు, గారెలు వేయించిన నూనె, దీపాల్లో మిగిలిన నెయ్యి చల్లారాక డబ్బాలో పోసి మూతపెట్టి చెత్తలో వేద్దాం. జిడ్డు మూకుళ్లను ముందు పేపర్ టవల్‌తో తుడిచి, ఆ తర్వాతే కడుగుదాం.

మూడు, వైప్స్ టాయిలెట్‌లో వేయవద్దు, ప్యాకెట్ మీద వేయవచ్చని రాసి ఉన్నా సరే. అవి కరగవు, పంపులకు చుట్టుకుంటాయి.

కలశపూజలో గంగ, యమున, గోదావరి అంటూ ఏడు నదులను ఆ నీటిలోకి పిలుస్తాం. కానీ కలశంలో మనం పోసేది ఇక్కడి కుళాయి నీళ్లే. ఈ ఊరి నీటికీ ఆ మర్యాద ఇద్దామని నా మనవి.

నూనె డబ్బాల బాధ్యత ఈ త్రైమాసికం నేను తీసుకుంటాను. ఇంకో ఇద్దరు కావాలి. ప్రసాదం దగ్గర కాగితం పెట్టాను, పేరు రాయండి. సెలవు.