కాళ్ళ తిమ్మిరిని తేలిగ్గా తీసుకోకండి



ఇంట్లో ఎవరికైనా విరేచనాలై తగ్గిపోతే ఆ సంగతి మనం మరిచిపోతాం. ఒకటి రెండు వారాలకు పాదాలు తిమ్మిరెక్కి, మెట్లెక్కడం కష్టమైతే, ఈ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికి తోస్తుంది? వాతమనుకుని నూనె మర్దనా చేస్తూ కూర్చుంటాం. కాని అది గిలియన్ బారీ జబ్బు కావచ్చు.

1916లో ఫ్రెంచి వైద్యులు గిలియన్, బారీ, స్ట్రోల్ ఇద్దరు సైనికులలో దీన్ని గమనించి రాశారు. 2025 జనవరిలో పుణెలో ఎందరికో ఒక్కసారిగా వచ్చింది. మరుసటి నెలలో మన గుంటూరు ప్రభుత్వాసుపత్రిలోనూ రోగులు చేరారు.

ఒంట్లో క్రిములు చేరితే వాటిని పట్టుకునేందుకు శరీరం యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి శత్రువును గుర్తుపట్టేది పైరూపాన్ని బట్టే. కాంపైలోబాక్టర్ అనే విరేచనాల క్రిమి పైపొరలోని చక్కెర గొలుసులు, మన నరాల మీదుండే జి.ఎం.1 అనే పదార్థాన్ని పోలి ఉంటాయి. దాంతో క్రిమి కోసం పుట్టిన యాంటీబాడీ నరాన్నీ పట్టుకుంటుంది. దాని వెనుకే రక్తంలోని ఇతర రక్షక పదార్థాలు వచ్చి నరాన్ని గాయపరుస్తాయి. కొందరిలో కరెంటు తీగ మీది రబ్బరులాంటి తొడుగు చెడుతుంది, కొందరిలో లోపలి తీగే దెబ్బతింటుంది.

మెదడుకు మాత్రం ఏమీ కాదు. మాట రాకపోయినా రోగికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి. మంచం పక్కన ఏడవకండి, ధైర్యం చెప్పండి.

బలహీనత కాళ్ళనుంచి చేతులకూ, ఛాతీకీ పాకవచ్చు. నలుగురైదుగురిలో ఒకరికి ఊపిరి యంత్రం అవసరమవుతుంది. పట్నంలో మనకు పెద్దాసుపత్రి దగ్గరే. కాని మీ పుట్టిల్లు ఖమ్మం జిల్లా తల్లాడ అనుకోండి. అక్కణ్ణించి వైరా మీదుగా ఖమ్మం చేరాలి. అడవి అంచు పల్లెలకైతే దారి ఇంకా దూరం. "అమ్మ పీట మీంచి లేవలేకపోతోందే" అని తమ్ముడు ఫోను చేస్తే, "రేపు చూద్దాంలే" అనకండి. వెంటనే 108కి చెప్పమనండి.

రక్తంలోని ప్లాస్మాను మార్చడం గాని, దాతల రక్తంనుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించడం గాని దీనికి చికిత్స. రెండు వారాలలోపు మొదలైతే మేలు ఎక్కువ. ఆరునెలల్లో చాలామంది తమంతట తామే నడుస్తారు.

ఇది ఒకరినుంచి ఒకరికి అంటే జబ్బు కాదు, రోగిని దూరం పెట్టకండి. మన చేతిలో ఉన్నది వంటిల్లు. నీళ్ళు కాచి చల్లార్చండి. కోడిమాంసం లోపలిదాకా ఉడకనివ్వండి. పచ్చిమాంసం తరిగిన కత్తిపీటను సబ్బుతో కడగనిదే కూరలు తరగకండి.