పసిపిల్లలకు చరిత్రకథలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏడెనిమిదేండ్ల పిల్లలకు చరిత్ర చెప్పుట మిక్కిలి కష్టమైన పని. సంవత్సరములు వల్లించిన నిద్రపోవుదురు. రాజుల పేర్లు చెప్పిన కలగాపులగము చేయుదురు. తమ యీడు బిడ్డ నొకదానిని ఆ కాలములో నిలిపి, అది యేమి తినెనో, దేనికి జడిసెనో చెప్పినచో కన్నులు విప్పి విందురు. అమెరికా రచయిత్రులీ కిటుకు బాగుగ గ్రహించిరి.

ఆలిస్ డాల్గ్లీష్ 1954లో ప్రకటించిన సారా నోబుల్ కథను చూడుడు. 1707లో ఎనిమిదేండ్ల బాలిక, అడవిలో ఇల్లు కట్టబోవు తండ్రికి వండిపెట్టుటకై వెంట వెళ్ళును. ఇల్లు ముగిసిన పిదప తల్లిని తోడ్కొని వచ్చుటకు తండ్రి వెనుకకు మరలగా, బాలిక అచటి ఆదివాసుల యింట ఉండిపోవును. మొదట ఎవరిని తలచి భయపడెనో వారి బిడ్డలతోనే ఆడుకొనును. పొత్తము చిన్నదే, నిజముగ జరిగినదాని ఆధారముగ అల్లినది.

లారా ఇంగల్స్ వైల్డర్ 1932 నుండి వ్రాసిన గ్రంథములు ఇంతకంటె ప్రసిద్ధములు. వెన్న చిలుకుట, మాంసము పొగబెట్టి నిలువచేయుట, రాత్రివేళ తండ్రి ఫిడేలు వాయించుట: మన రైతుబిడ్డకు ఇవి యేవియు పరాయివిగ తోచవు. కాని 1935 నాటి గ్రంథములో ఆ కుటుంబము కాన్సాసులో కాపురము పెట్టిన నేల ఓసేజ్ జాతివారిది. పహాణీ చూచుట కలవాటుపడిన వానికి మొదట తట్టు ప్రశ్న, పట్టా ఎవరిది అని! ఆ సీమలో మనుష్యులే లేరు, ఇండియనులు మాత్రమే యుండిరి అని అర్థమిచ్చు వాక్యమొకటి అందుండెను. ప్రచురణకర్తలు దానిని 1953లో సవరించిరి. 2018లో అమెరికా గ్రంథాలయ సంఘపు బాలశాఖవారు ఆమె పేరిటనున్న పురస్కారమునకు పేరు మార్చిరి. గ్రంథములు చదువవద్దని మాత్రము చెప్పలేదు. అది యుచితము. పిల్లలు చదువవలెను, పెద్దలు ప్రక్కన కూర్చుండి ఆ నేల ఎవరిదో చెప్పవలెను.

ఇక మన దిక్కు. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగరుకు మెట్రో రైలు 2018 సెప్టెంబరులో వచ్చినది. ఆ దారిలో మూసారాంబాగ్ అను స్టేషను కలదు. ఆ పేరెక్కడిదని దిగువారిలో ఎందరడుగుదురు? ఫ్రాన్సు దేశమునుండి వచ్చి నిజాము కొలువులో సేనను తీర్చిన మిషెల్ రేమండ్ పేరే జనుల నాలుకపై అరిగి అట్లయినది. హిందువులకు ఆయన మూసారాం, మహమ్మదీయులకు మూసా రహీం. ఆయన 1798 మార్చిలో మరణించెను. ఆస్మాన్‌గఢ్ గుట్టపై సమాధి నేటికిని కలదు.

పిల్లల కథకు సరుకు ఆ మరణము పిదపనే యున్నది. అదే యేడు అక్టోబరులో ఇంగ్లీషువారు ఆ సేనచే ఆయుధములు దింపించిరి. జీతము బకాయిపడి సిపాయిలు అప్పటికే తమ అధికారులపై తిరుగబడియుండిరి. ఆ సిపాయిలలో ఒకని కొడుకును కల్పించి, తండ్రి తుపాకి లేక యింటికి వచ్చిన సాయంకాలమును వ్రాసిన చాలును. రేమండ్ మహాపురుషుడా కాడా అని తేల్చనక్కరలేదు. జీతము బకాయి సంగతి మాత్రము విడువరాదు. ఇంట పొయ్యి ఏల వెలుగలేదో బాలునకు అదియే తెలుపును.

కథ ముప్పది పుటలు మించకుండవలెను, అక్షరములు పెద్దవిగ నుండవలెను. భాష ఇట్టి ఉపన్యాసముల భాష కారాదు; ఇంటిలో తల్లి మాటలాడు తెలుగే కావలెను.