పరుషాలు, సరళాలు, ఆంగ్ల బహువచనం



ఆంగ్ల నామవాచకాన్ని బహువచనం చేయడానికి చివర ‘ఎస్’ అక్షరం చేర్చితే చాలునని తెలుగు మాధ్యమ పాఠశాలల్లో చిన్న తరగతుల్లోనే నేర్పుతారు. వ్రాతకు ఆ సూత్రం చాలావరకు సరిపోతుంది, ఉచ్చారణకు చాలదు. పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి పట్నపు కళాశాలలో చేరి, పద్యాలను ‘పోయమ్స్’ అని సకారం ఒత్తి పలికితే ఎవరో ఒకరు నవ్వుతారు. ఆ ఒక్క నవ్వుకు జడిసి తరగతిలో మళ్లీ నోరు విప్పనివారున్నారు. లోపం తెలుగు మాధ్యమానిదని లోకం తీర్పు చెబుతుంది. ఆ లోపాన్ని దిద్దే సాధనం తెలుగు వ్యాకరణ తరగతిలోనే ఉన్నదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

కవిత్వానికి చెందిన మూడు ఆంగ్ల పదాలను తీసుకొందాము: కప్లెట్, పోయమ్, వర్స్. మొదటిది మన ద్విపద వంటిది. దాని చివరి టకారం పరుషం. పలికేటప్పుడు కంఠంలో నాదం ఉండదు. అందుచేత బహువచన ప్రత్యయం సకారంగానే నిలిచి ‘కప్లెట్స్’ అవుతుంది. పోయమ్ చివరి మకారంలో నాదం ఉన్నది. అది ప్రత్యయానికి సోకి ‘పోయమ్‌జ్’ అవుతుంది. ఈ ధ్వనికి తెలుగులో అక్షరం లేదు. జడ, జొన్న అనే మాటలలోని దంత్య జకారాన్ని, నాలుక పైన తగలనీయకుండా, సాగదీసి పలికితే వస్తుంది. ఇక వర్స్ చివర ఉన్నదే ఊష్మం. ఊష్మంపై ఊష్మం నిలువదు గనుక నడుమ ఇకారం చేరి ‘వర్సిజ్’ అవుతుంది. చ, జ ధ్వనులతో ముగిసే మాటలదీ ఇదే దారి: స్పీచ్ – స్పీచిజ్, పేజ్ – పేజిజ్.

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో పరవస్తు చిన్నయసూరి ద్రుతం మీది పరుషాలకు సరళాలు వస్తాయని సూత్రీకరించాడు. ‘చూచెను + కొలను’ అన్నచోట ‘చూచెను గొలను’ అవుతుంది. నకారపు నాదం తరువాతి కకారానికి సోకి గకారమైనది. పోయమ్‌లోని మకారం చేసే పనీ అదే. ఆంగ్లంలో అనునాసికాలకే గాక, అచ్చులకూ సరళాలకూ కూడ ఈ శక్తి ఉన్నది: ఎలిజీ – ఎలిజీజ్, ఓడ్ – ఓడ్‌జ్. (ఈ ఓడ్‌కు, గోదావరిలో నడిచే ఓడకు సంబంధం లేదు!) రెండు భాషలూ వేరు కుటుంబాలవి, పోలిక ఉన్నది ధ్వనుల నడతలో. సరళాదేశ సంధిని బట్టీ పట్టించి, దాని ఫలాన్ని పక్క పీరియడ్‌కు అందనీయకపోవడం బోధనలో పెద్ద వృథా.

1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఈ ముచ్చటకు మరొక కొస ఉన్నది. ‘ఓడ్’ అన్న పదాన్ని ఫ్రెంచివారూ అవే అక్షరాలతో వ్రాస్తారు, బహువచనానికి ‘ఎస్’ చేరుస్తారు, కాని ఆ చివరి అక్షరాన్ని పలుకరు. ఏకవచనంలో ‘లోద్’, బహువచనంలో ‘లేజోద్’. ముందున్న ‘లే’ అనే ఉపపదం చివర మూగగా ఉన్న ‘ఎస్’, తరువాత అచ్చు రాగానే జకారమై వినబడుతుంది. తెలుగువారికి ఇది చక్కని సంధికార్యంగానే కనబడుతుంది.

సూత్రం చెప్పకుండానే ఆంగ్లేయుల పిల్లలకు ఇదంతా వస్తుందా అంటే, చాలావరకు వస్తుంది. 1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు చిన్నపిల్లలకు ఒక వింతపిట్ట బొమ్మ చూపి, దాని పేరు ‘వగ్’ అన్నది. రెండు పిట్టలను చూపగానే ఎన్నడూ వినని ఆ మాటకు ఎక్కువమంది సరిగా ‘వగ్‌జ్’ అని బహువచనం చెప్పారు. ‘టాస్’ అనే మరో కల్పిత పదానికి మాత్రం చాలామంది ఏమీ చేర్చక టాస్ అనే ఊరుకొన్నారు. వర్సిజ్ దగ్గర తెలుగు పిల్లవాడు తడబడే చోటనే, అది మాతృభాషగా గల పిల్లలు కూడ తడబడ్డారు.

తరగతిలో దీనికి ఖర్చేమీ లేదు. రెండు వేళ్లు గొంతుపై ఆనించి కప్లెట్స్, పోయమ్‌జ్ అని మార్చి మార్చి పలికిస్తే, చివరి ధ్వని దగ్గర ఒకచోట కంపం ఆగడం, మరొకచోట సాగడం వేళ్లకే తెలుస్తుంది.