మసాలియా బట్ట, రోమ్ వెండి
క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు పుస్తకం ‘పెరిప్లస్’ మన కోస్తాను మసాలియా అంది. గోదావరి డెల్టాకు దక్షిణాన, కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల ప్రాంతమది. అక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా తయారవుతాయని రాసింది.

సరుకు వెళ్లింది, డబ్బు వచ్చింది. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లి నిధిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. శాతవాహనులైతే రెండు తెరచాప కొయ్యల ఓడనే నాణెం మీద ముద్రించారు! అటు రోమన్ రచయిత ప్లినీ, ఏటా 5 కోట్ల సెస్టర్సులు (రోమన్ నాణేలు) ఇండియాకే పోతున్నాయని గుండెలు బాదుకున్నాడు. లెక్క కాస్త పెంచాడేమో.

అయితే 3వ శతాబ్దంలో అదే రోమ్‌కు అంతర్యుద్ధాలు, అంటురోగాలు చుట్టుకున్నాయి. సైన్యానికి జీతాలివ్వలేక చక్రవర్తులు వెండి నాణేల్లో రాగి కలిపారు. 260ల చివరికి వెండి నామమాత్రం. ధరలు మండిపోయాయి.

చివరకు 476లో పశ్చిమ రోమ్ సింహాసనం కూలింది. కాన్‌స్టాంటినోపుల్‌లోని తూర్పు రాజ్యం మాత్రం 1453 దాకా నిలిచింది.