వేషము వెనుక మనిషి



మత్తయి సువార్త 6వ అధ్యాయములో "వేషధారులు" అని తర్జుమా చేయబడిన గ్రీకు పదమునకు మొదట రంగస్థల నటుడని అర్థము. గ్రీకు నటులు చేసిన ముఖమును తగిలించుకొని ఆడెడివారు. మనమును ఆదివారము గుడి గుమ్మములో అట్టి ముఖమునే తగిలించుకొందుము. "బాగున్నారా?" అన్నచో, "ప్రభువు కృపవలన బాగున్నామండి" అందుము.

ఇదంతయు మోసమనలేము, ఇందులో మర్యాదయు కలదు. అయితే ఆ ముఖము వెనుక పాపము మాత్రమే దాగదు. దుఃఖమును, ఇతరులకు వింతగా తోచు అలవాట్లును దాగును.

మేమెరిగిన ఒక పెద్దాయన, భార్య చనిపోయిన తరువాత కూడ ప్రతి ఉదయము రెండు గ్లాసులలో కాఫీ పోసెడివారు. పిచ్చి అందురని మూడేండ్లు ఎవరికిని చెప్పలేదు. మేము ప్రతి ఆదివారము ఆయనను పలుకరించి, జవాబు పూర్తిగా వినకయే ముందుకు సాగితిమి. ఒక ఉదయము చెప్పకుండ వారింటికి వెళ్ళి ఆ రెండవ గ్లాసు చూచితిమి. ఆయన సిగ్గుపడిరి. అప్పుడు మేము, మా నాన్నగారి కళ్ళజోడు నేటికిని మా బల్లసొరుగులో దాచుకొన్నామని చెప్పితిమి. అంతవరకు మా యింటివారికిని తెలియదు.

నూరేండ్ల మన అధ్యక్ష మండలములో అట్టి గ్లాసులు ఇంకెన్ని కలవో! ఇకమీదట గుమ్మములో రెండవమారు కూడ అడుగుదము. జవాబు కొరకు నిలిచియుందము. ప్రభువు మనకు సహాయము చేయును గాక.