ఫిల్టర్ రెంచి – చిన్న పనిముట్టు, పెద్ద పని

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు "ఏ విషయం మీద సార్?" అని అడిగాను. "మీకు బాగా తెలిసినదాని మీద మాట్లాడండి సాబ్" అన్నారు. నేను కాలేజీలో చదివింది ఇంటర్మీడియట్ వరకే. ఆ పై చదువంతా ఇ.ఎం.ఇ. కోర్‌లో, వాహనాల కింద పడుకుని సాగింది. దేశం గురించి, సాహిత్యం గురించి పెద్దలు చక్కగా చెప్పారు. నేను మాత్రం బండికి ఫిల్టర్ విప్పే ఒక చిన్న పనిముట్టు గురించి చెబుతాను. దాని పేరు ఫిల్టర్ రెంచి. నవ్వకండి. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి ఇంటి ముందు ఏదో ఒక బండి ఉంది. కొందరికి ఆ బండి మీదే ఇల్లు గడుస్తోంది.

ముందు ఫిల్టర్ పని ఏమిటో చెప్పుకుందాం. ఇంజన్‌లో ఆయిల్ అంటే మన ఒంట్లో నెత్తురులాంటిది. ఇనుము ఇనుముతో రాసుకోకుండా మధ్యలో పల్చటి పొరలా నిలబడుతుంది. తిరిగే కొద్దీ దానిలో మసి, దుమ్ము, లోహపు పొడి చేరతాయి. వాటిని పట్టి ఆపేదే ఆయిల్ ఫిల్టర్. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, అందులో సగం కూడా లేని రేణువులు బేరింగులను అరగదీస్తాయి. కంటికి కనిపించని శత్రువు అన్నమాట.

తొలినాటి మోటారు బండ్లకు సరైన ఆయిల్ ఫిల్టరే ఉండేది కాదు. 1920లలో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనే ఆయన తయారుచేసిన ఫిల్టర్‌తో ఆ వాడకం మొదలైంది. తరువాత చాలాకాలం గిన్నెలాంటి దానిలో ఎలిమెంట్ పెట్టి, బోల్టుతో బిగించే పద్ధతి నడిచింది. అది విప్పాలంటే మామూలు పానా చాలు. 1950ల నుంచి డబ్బా మొత్తం మరలా తిప్పి ఎక్కించే ఫిల్టర్ వచ్చింది. పాతది తిప్పి తీసెయ్యడం, కొత్తది తిప్పి ఎక్కించడం. అంతే. చాలా సుఖమైన ఏర్పాటు. కానీ ఆ గుండ్రటి నున్నటి డబ్బాకు పానా పట్టే మూల లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కొత్త ఫిల్టర్‌ను చేత్తోనే బిగిస్తాం గదా, చేత్తోనే ఎందుకు ఊడదు అని మీకు సందేహం రావచ్చు. అంచున రబ్బరు వాషరు ఉంటుంది. ఇంజన్ వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కి – ఇలా నెలల తరబడి జరిగేసరికి ఆ రబ్బరు ఇనుముకు అంటుకుపోతుంది. నూనె రాయకుండా పొడిగా బిగించారా, ఇంకా గట్టిగా పట్టేస్తుంది. పైగా డబ్బా మీద ఆయిల్ జిడ్డు, చుట్టూ ఇరుకు, పక్కనే కాలే సైలెన్సర్ గొట్టం. చెయ్యి జారుతుందే గాని డబ్బా కదలదు.

అప్పుడు మన మనిషి ఏం చేస్తాడు? రెండే పనులు. మొదటిది, "ఈసారికి ఆయిల్ మార్చేద్దాం, ఫిల్టర్ వచ్చేసారి చూద్దాం" అంటాడు. ఆ వచ్చేసారి రాదు. ఫిల్టర్ పూర్తిగా పూడుకుపోతే ఇంజన్‌కు ఆయిల్ ఆగిపోకూడదని బైపాస్ వాల్వ్ ఒకటి పెడతారు. అది తెరుచుకుంటే ఆయిల్ వడపోత లేకుండానే లోపలికి పోతుంది. బండి మామూలుగానే నడుస్తుంది. శబ్దం రాదు, పొగ రాదు. "ఫిల్టర్ మార్చకపోయినా ఏమీ కాలేదు చూశావా" అని మనిషి సంబరపడతాడు. లోపల బేరింగులు మాత్రం రోజురోజుకూ అరుగుతుంటాయి.

రెండో పని, డబ్బాలోకి స్క్రూ డ్రైవర్ దిగ్గొట్టి తిప్పడం. ఇది మన దేశంలో ఏ హైవే పక్కన షెడ్డులోనైనా చూడవచ్చు. డబ్బా సన్నటి రేకు. ఒక్కోసారి ఊడి వస్తుంది, కాదనను. కానీ బాగా పట్టేసినదైతే రేకు చిరుగుతుంది గాని ఫిల్టర్ తిరగదు.

నేను లడాఖ్‌లో ఒక ఎల్.ఎ.డి.లో ఉండగా ఇటువంటిదే జరిగింది. లేహ్ పట్టణమే సుమారు 11,500 అడుగుల ఎత్తు. చలికాలంలో ఇనుము ముట్టుకుంటే చర్మం పట్టేస్తుంది. చేతికి గ్లోవ్స్ ఉంటే పట్టు దొరకదు, తీస్తే వేళ్ళు మిగలవు. ఒక కొత్త క్రాఫ్ట్స్‌మన్, ఇరవై ఏళ్ళ కుర్రాడు, జిప్సీ ఫిల్టర్ రాకపోయేసరికి స్క్రూ డ్రైవర్ పొడిచి లాగాడు. రేకు చిరిగింది, డ్రైవర్ జారింది, చిరిగిన అంచు అరచేతిని బొటనవేలి కిందినుంచి మణికట్టు దాకా కోసింది. కుట్లు పడ్డాయి. బండికి అడుగు పళ్ళెం మాత్రం మిగిలింది. తెల్లారి కాన్వాయ్‌లో వెళ్ళవలసిన బండి అది. ఉలి పెట్టి, పళ్ళెం అంచు మీద చిన్నచిన్న దెబ్బలు కొట్టి తిప్పేసరికి రాత్రి పది దాటింది.

మా పంజాబీ హవల్దార్ ఉస్తాద్ ఆ రాత్రే ఒక పని చేశాడు. కొట్టేసిన బండిలోని పాత సీటు బెల్టు ముక్క ఒకటి, రెండున్నర అడుగులది, కోశాడు. వేలెడు లావు ఇనుప కడ్డీకి చివర చీలిక కోయించి, బెల్టు రెండు కొసలూ అందులో దోపి కుట్టించాడు. రెండో చివర పానా పట్టేలా చదరం చేయించాడు. బెల్టు ఉచ్చును ఫిల్టర్‌కు తగిలించి, కడ్డీని తిప్పితే బెల్టు కడ్డీకి చుట్టుకుని బిగుసుకుంటుంది. ఎంత తిప్పితే అంత పట్టు. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే: "జోర్ నహీఁ, పకడ్ చాహియే." బలం కాదు నాయనా, పట్టు కావాలి అని. ఆ కుర్రాడి చెయ్యి మానాక, అదే సాధనంతో తరువాతి ఫిల్టర్‌ను గ్లోవ్స్ తియ్యకుండానే విప్పాడు.

బజారులో దొరికే ఫిల్టర్ రెంచీలన్నీ ఆ పట్టు అనే సూత్రం మీదే తయారయ్యాయి. ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది పట్టీ రెంచి. గుడ్డ పట్టీ గాని, ఉక్కు పట్టీ గాని ఉంటుంది. చిన్నా పెద్దా డబ్బాలన్నిటికీ సర్దుకుంటుంది. ఇంట్లో ఒక్కటే కొనాలంటే ఇదే కొనండి. ఇది ఒకవైపు లాగితేనే పట్టు పడుతుంది, తిరగేసి పెడితే జారుతుంది.

రెండవది గొలుసు రెంచి. లారీ, ట్రాక్టర్ పెద్ద ఫిల్టర్లకు మంచిది. పట్టు గట్టిది, కానీ డబ్బాను నొక్కేస్తుంది. పారేసే ఫిల్టర్‌కే వాడాలి.

మూడవది కప్పు. డబ్బా అడుగున ఉండే గాళ్ళలో సరిగ్గా కూర్చుంటుంది. వెనక రాచెట్ తగిలించి తిప్పడమే. ఇరుకు చోట్లకు దీన్ని మించినది లేదు. అయితే ప్రతి సైజుకూ వేరే కప్పు కావాలి. మీ ఫిల్టర్‌ను తీసుకెళ్ళి కొలత చూసి కొనండి.

నాలుగవది మూడు గోళ్ళ రెంచి. తిప్పే కొద్దీ మూడు గోళ్ళూ లోపలికి బిగుస్తాయి. కింది నుంచి ఎక్కించే చోటుంటే పని సులువు.

ఏది వాడినా, డబ్బా మధ్యలో కాకుండా ఇంజన్‌వైపు అంచుకు దగ్గరగా పట్టించండి. అక్కడ లోపల పళ్ళెం ఉంటుంది కాబట్టి రేకు నొక్కుకుపోదు. కీలెరిగి వాత పెట్టమన్నారు గదా పెద్దలు. ఇంకొక్క మాట. ఫిల్టర్ మూసిన చివర మీవైపు ఉన్నట్టు చూసుకుని ఎడమకు తిప్పితే ఊడుతుంది. బండి పైనుంచి వంగి, కిందికి వేలాడే ఫిల్టర్‌ను తిప్పేటప్పుడు అదే మనకు కుడివైపుగా కనిపిస్తుంది. ఇక్కడ తికమకపడి, విప్పుతున్నామనుకుంటూ బిగించినవాళ్ళను చాలామందిని చూశాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఫిల్టర్ రెంచి విప్పడానికే. తిప్పి ఎక్కించే ఆయిల్ ఫిల్టర్‌ను బిగించడానికి చెయ్యి చాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? రబ్బరు వాషరు తగిలాక ఇంకో ముప్పాతిక చుట్టు, మహా అయితే ఒక చుట్టు. సరిగ్గా ఎంతో ఫిల్టర్ డబ్బా మీదే అచ్చువేసి ఉంటుంది, చదవండి. రెంచితో బిగిస్తే వాషరు నలుగుతుంది, వచ్చేసారి విప్పేవాడికి నరకం. కొత్త కార్లలో కొన్నిటికి ప్లాస్టిక్ మూత కింద కాగితం ఎలిమెంట్ ఉంటుంది. ఆ మూత మీద ఎంత బిగువు కావాలో రాసి ఉంటుంది, చాలావాటికి 25 న్యూటన్ మీటర్లు. దానికి మాత్రం కప్పు, టార్క్ రెంచి వాడాలి. బలం చూపిస్తే మూత పగులుతుంది.

నాలుగేళ్ళ కిందటి సంగతి. మనవాడే, శ్రీకాకుళం జిల్లా హవల్దార్, పెన్షన్ వచ్చినప్పుడు చేతికందిన డబ్బు పెట్టి సెకండ్ హ్యాండ్ సరుకుల బండి కొన్నాడు. పలాస నుంచి విశాఖకు జీడిపప్పు తోలేవాడు. దారిలో ఒక షెడ్డులో ఆయిల్, ఫిల్టర్ మార్పించాడు. పాత ఫిల్టర్‌ను పొడిచి పీకేసరికి రబ్బరు వాషరు ఇంజన్‌కే అంటుకుని మిగిలిపోయింది. అది చూడకుండా దాని మీదే కొత్త ఫిల్టర్ ఎక్కించారు. రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ప్రెజర్‌కు నిలవవు. కొన్ని మైళ్ళు వెళ్ళాక పైది పక్కకు జారింది. ఆయిలంతా నిమిషాల్లో రోడ్డు పాలయ్యింది. "లైటు ఎలిగింది సాబ్, బండి ఓరకి తీసేలోపే ఇంజన్ పట్టేసినాది" అన్నాడు ఫోనులో. ఆ గొంతు విన్నాక రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసు డబ్బు, ఒక రబ్బరు ఉంగరం దగ్గర ఆగిపోయింది. ఇంజన్ మళ్ళీ కట్టించేదాకా రెండు నెలలు ఇల్లు ఎలా గడిచిందో ఆ ఇల్లాలికే తెలియాలి.

అందుకని వరస చెబుతాను, రాసుకునేవాళ్ళు రాసుకోండి. ఇంజన్ గోరువెచ్చగా ఉండగా ఆపి ఆయిల్ దించండి. మరీ వేడి మీద వద్దు, చెయ్యి కాలుతుంది. రెంచితో ఫిల్టర్‌ను కాస్త కదిలించి, మిగతాది చేత్తో తిప్పండి. ఊడిన ఫిల్టర్‌ను తిరగేసి, వాషరు దానితోనే వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఇంజన్ మీద వేలు పెట్టి వెతికి తీసి, ఆ చోటు శుభ్రంగా తుడవండి. కొత్త వాషరుకు కొత్త ఆయిల్ రాయండి. చేత్తో బిగించండి. ఆయిల్ పోసి స్టార్ట్ చేశాక, లైటు ఆరేదాకా యాక్సిలరేటర్ తొక్కవద్దు, ముఖ్యంగా టర్బో ఉన్న బండికి. ఆపి, చుట్టూ కారుతోందేమో చూసి, కొలపుల్ల మళ్ళీ చూడండి.

డీజిల్ ఫిల్టర్‌కూ ఇదే రెంచి పనికొస్తుంది. కానీ ఈనాటి కామన్ రైల్ బండ్లలో కొత్త ఫిల్టర్‌ను క్యాన్‌లోని డీజిల్‌తో నింపి ఎక్కించవద్దు. వడగట్టని డీజిల్ నేరుగా ఇంజెక్టర్లలోకి పోతుంది. ప్రైమర్ పంపు కొట్టి గాలి తియ్యండి.

తీసిన ఫిల్టర్‌ను, పాత ఆయిల్‌ను కాలవలో పోయకండి. ఫిల్టర్‌ను ఒక రాత్రంతా బోర్లించి, కారిన ఆయిల్‌ను డబ్బాలో పట్టి, దాన్ని తీసుకునే వర్క్‌షాపుకు ఇవ్వండి. వాడిన ఆయిల్ మన చట్టం ప్రకారం ప్రమాదకరమైన వ్యర్థమే. మన పొలంలో నీళ్ళు మనవాళ్ళే తాగుతారు.

సోదరులారా, యూనిట్‌లో మెయింటెనెన్స్ పరేడ్ ఎందుకు పెట్టేవారో ఉద్యోగంలో ఉన్నప్పుడు మనకు విసుగ్గా ఉండేది. రిటైరయ్యాక మనకు పరేడ్ పిలిచేవారు లేరు. కష్టమైన పని వాయిదా పడుతుంది, వాయిదా పడ్డ పని ఖర్చై తిరిగొస్తుంది. సరైన పనిముట్టు చేతిలో ఉంటే ఆ పని అరగంటలో అయిపోతుంది, అప్పుడు వాయిదా వెయ్యాలనిపించదు. ఒక పట్టీ రెంచి ఖరీదు కొన్ని వందల రూపాయలు. దానికి ఇంజన్ ఖరీదుతో పోలికే లేదు.

ఈ సందర్భంగా సంఘానికి నాదొక మనవి. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న ప్రతి కాలనీలో ఒక పెట్టె పెట్టి, అందులో ఒక పట్టీ రెంచి, ఒక గొలుసు రెంచి, నాలుగు సైజుల కప్పులు ఉంచుదాం. అవసరమైనవాడు రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకెళ్ళి, తుడిచి తెచ్చి ఇవ్వాలి. మొదటి పెట్టెకు సామాను నేను ఇస్తాను. ఆదివారం ఉదయం వస్తే కుర్రాళ్ళకు ఎలా వాడాలో కూడా చూపిస్తాను. ఆడపిల్లలు కూడా రావచ్చు. ముందే చెప్పాను గదా, ఇందులో కావలసింది బలం కాదు, పట్టు.